పెద్దమ్మ గోలీలు పెద్దబాపుకు ఎందుకు పనికిరావు

పోయిన నెల మా తార్నాక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఆరోగ్యం మీద ఒక ఉపన్యాసం పెట్టారు. వచ్చినాయన ధారాళంగా మాట్లాడతాడు. షుగరు, గుండెజబ్బు, కీళ్లవాతం, మతిమరుపు, క్యాన్సర్, ఇవన్నీ పైకి వేరువేరుగా కనిపించినా లోపల ఉన్న జబ్బు ఒక్కటేనని, దాని పేరు ఇన్‌ఫ్లమేషన్ (ఒంటి రక్షణ వ్యవస్థ రేగినప్పుడు పుట్టే వాపు, మంట) అని, దాన్ని తగ్గించుకుంటే మందులన్నీ పక్కన పెట్టేయొచ్చని గంటసేపు చెప్పాడు. చివర్లో రక్తపరీక్షల ప్యాకేజీ ధర చెప్పి, పసుపు క్యాప్సూళ్ల డబ్బా చూపించాడు.

మా పెద్దమ్మ ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా వింది. ఆమెకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వచ్చి చాలా ఏళ్లయింది. వారానికి ఒక్కసారి, సోమవారం రాత్రి, దానికి మెథోట్రెక్సేట్ అనే గోలీ వేసుకుంటుంది. పెద్దబాపుకు గుండెలో స్టెంట్ ఉంది. ఇంటికొచ్చాక నన్నడిగింది: "ఆ సారు జెప్పింది నిజమైతే నా కీళ్లల్ల ఉన్నది, మీ పెద్దబాపు గుండెల ఉన్నది ఒక్కటే గద బిడ్డా. నా గోలీలే ఆయనకు గూడ ఇస్తే అయిపాయె గద?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. కానీ అది నవ్వేయాల్సిన ప్రశ్న కాదు. సరిగ్గా ఆ ప్రశ్నకు జవాబు కోసమే అమెరికా, కెనడాల్లో 4,786 మంది మీద పెద్ద పరీక్ష జరిగింది. ఆ ఉపన్యాసం విన్నప్పటి నుంచి నా మనసులో నలుగుతున్న అభిప్రాయం ఒకటుంది. జబ్బు ఒంట్లో ఏ దారిన నడుస్తుందో వెతికే పరిశోధన కొత్త మందులు తెస్తుందని అందరూ అంటారు. తెస్తుంది, కాదనను. కానీ దానివల్ల మనకు ఎక్కువగా జరిగే మేలు ఇంకొకటి: ఉన్న మందును ఎక్కడ వాడకూడదో అది చెబుతుంది. ఈ మేలు ఎవరి లెక్కలోకీ రాదు. తనకు ఇవ్వని మందు వల్ల బతికిన రోగికి ఆ సంగతి తెలిసే వీలే లేదు.

అదే గోలీ గుండెకు ఇచ్చి చూశారు

పెద్దమ్మ ఆలోచన గాలిలోంచి పుట్టింది కాదు. కీళ్లవాతం ఉన్నవాళ్లకు గుండెపోట్లు మిగతా జనం కంటే ఎక్కువ వస్తాయి. వాళ్లలో మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు కొంచెం తక్కువ వస్తున్నట్టు పాత రికార్డుల్లో కనిపించింది. రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్నచోట తెల్లకణాలు గుమిగూడి ఉంటాయన్నది పాత సంగతే. మందేమో చవక. అందుకే గుండెపోటు వచ్చినవాళ్లనూ, గుండె రక్తనాళాల్లో ఒకటికి మించి పూడికలున్నవాళ్లనూ తీసుకున్నారు. అందరికీ షుగరో మెటబాలిక్ సిండ్రోమో (బొజ్జ, బీపీ, రక్తంలో చక్కెర, కొవ్వు లాంటివి కలిసి పెరిగే స్థితి) కూడా ఉంది. సగంమందికి వారానికి 15 నుంచి 20 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, సగంమందికి మందు లేని గోలీ ఇచ్చారు. 2018 చివర్లో ఫలితం వచ్చింది. గుండెపోట్లు తగ్గలేదు. లివర్ ఎంజైములు మాత్రం పెరిగాయి, తెల్లకణాలు తగ్గాయి.

ఇంతే అయితే "గుండెజబ్బుకూ ఇన్‌ఫ్లమేషన్‌కూ సంబంధం లేదు" అని తేల్చేసేవాళ్లు. కానీ అంతకు ఏడాది ముందే, 2017లో, కాంటోస్ అనే ఇంకో పరీక్ష ఫలితం వచ్చింది. గుండెపోటు వచ్చి, రక్తంలో సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ప్రోటీన్) ఎక్కువగా ఉన్న 10,061 మంది మీద చేశారు. వాళ్లకిచ్చిన కనకినుమాబ్ అనే ఇంజెక్షన్ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ఒకే ఒక్క అణువును పట్టుకుని ఆపుతుంది. చెడు కొలెస్ట్రాల్ ఏమీ తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి.

రెండూ ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందులే. ఒకటి పనిచేసింది, రెండోది చేయలేదు. మెథోట్రెక్సేట్ తీసుకున్న గుండె రోగుల రక్తం చూస్తే కారణం కొంత తెలుస్తుంది. వాళ్లలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా తగ్గలేదు, ఇంటర్‌ల్యూకిన్-6 తగ్గలేదు, సీఆర్‌పీ తగ్గలేదు. పెద్దమ్మ కీళ్ల పొరలో జబ్బును నడిపే దారి మీద ఆ గోలీ పనిచేస్తుంది. పెద్దబాపు రక్తనాళంలో నడిచే దారి దానికి అందదు.

ఇక్కడ ఒక అభ్యంతరం నాకే తోస్తుంది. కాంటోస్‌లో సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్లనే ఎంచుకున్నారు, మెథోట్రెక్సేట్ పరీక్షలో ఆ నియమం లేదు. ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువున్నవాళ్లకే ఇచ్చి ఉంటే ఆ మందూ పనిచేసేదేమో. ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేను. కానీ ఈ అనుమానం కూడా "ఎవరిలో, ఏ దారి" అన్న ప్రశ్నే అడుగుతోంది. "అన్నిటికీ మూలం ఒక్కటే" అన్న మాటకు ఇది బలం చేకూర్చదు. ఇంకో విషయం: కనకినుమాబ్ తీసుకున్నవాళ్లలో ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఆ అణువు ఒంట్లో ఉన్నది మన గుండెను పాడుచేయడానికి కాదు, క్రిములతో పోరాడటానికి. గుండెజబ్బు కోసం ఆ మందును వాడటానికి అమెరికా అనుమతి ఇవ్వలేదు.

ఆ ప్యాకేజీలో ఉన్న సీఆర్‌పీ పరీక్ష గురించి కూడా ఒక మాట. ఇంటర్‌ల్యూకిన్-6 నుంచి కబురందితే లివర్ తయారుచేసే ప్రోటీన్ అది. పన్ను పుచ్చినా పెరుగుతుంది, న్యుమోనియా వచ్చినా పెరుగుతుంది, కీళ్లవాతంలోనూ పెరుగుతుంది. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఎక్కడో పైపు పగిలిందని తెలుస్తుంది గానీ ఏ గల్లీలో పగిలిందో తెలియదు, ఇదీ అంతే. డాక్టరు ఒక అనుమానంతో రాసినప్పుడు అది మంచి పరీక్ష. ఏ అనుమానమూ లేకుండా చేయించుకుని, అంకె చూసి భయపడి, డబ్బా కొనుక్కోవడానికి కాదు.

తెలియకుండానే పనిచేసిన మందులు

నా వాదనకు గట్టి దెబ్బ కొట్టగలిగింది పెద్దమ్మ వేసుకునే గోలీయే. దాని కథ చూడండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం, కణాల విభజనకు కావలసిన ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను అడ్డుకునే అణువులు తయారుచేసింది. అందులో అమినోప్టెరిన్‌ను అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1951లోనే అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశారు, గుణం కనిపించింది. ఎందుకు కనిపించిందో ఎవరికీ తెలియదు. అప్పటికే కార్టిజోన్ అనే స్టెరాయిడ్ వచ్చేసింది. మంచం దిగలేనివాళ్లు లేచి నడుస్తుంటే, దానికి 1950లో నోబెల్ కూడా వస్తే, ఈ చిన్న ఫలితాన్ని పట్టించుకునేదెవరు? కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడటానికి అమెరికా అధికారిక అనుమతి 1988లో గానీ రాలేదు.

అంటే దారి తెలియకుండానే మందు పనిచేసింది. ఆస్పిరిన్ కథా అదే. దాదాపు డెబ్బై ఏళ్లు జనం మింగాక, 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ అది నొప్పి, వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని చూపించాడు. "పనిచేస్తోంది కదా, ఎలా అనేది ఎందుకు?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆయన మందుల కంపెనీలో పనిచేస్తాడు, ఆయన మాటలో న్యాయం ఉంది. రోగికి కావలసింది గుణం. వివరణ కాదు.

కానీ మెథోట్రెక్సేట్ విషయంలో 'ఎలా' అన్న ప్రశ్న తెలివితేటల సరదా కాదు, ప్రాణానికి సంబంధించినది. క్యాన్సర్‌కు ఇచ్చే పెద్ద మోతాదులో అది ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుని కణాలు విభజన చెందకుండా చేస్తుంది. కీళ్లవాతానికిచ్చే చిన్న మోతాదులోనూ అదే పని చేస్తుందనుకుంటే, తోడుగా ఫోలిక్ యాసిడ్ గోలీ ఇస్తే మందు నీరుగారిపోవాలి. కానీ పోదు. కీళ్ల మీద గుణం చాలావరకు అలాగే ఉంటుంది, నోటిపూత, వికారం, లివర్ ఇబ్బంది తగ్గుతాయి. పెద్దమ్మ అన్ని ఏళ్లుగా ఆ మందు తట్టుకోగలుగుతోందంటే ఈ చిన్న గోలీ వల్లే. 1990లలో కొందరు పరిశోధకులు వేరే దారి చూపించారు: చిన్న మోతాదులో ఆ మందు కణాల బయట అడినోసిన్ పెరిగేలా చేస్తుందని, అది తెల్లకణాలను నెమ్మదింపజేస్తుందని. కథ అక్కడితో ముగియలేదు, ఇంకా వేరే దారులున్నాయనే వాళ్లూ ఉన్నారు. ఆ అడినోసిన్‌కు మూడు ఫాస్ఫేట్లు చేరితే అదే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ. 1929లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి సుబ్బారావు కండరం నుంచి వేరుచేసిన పదార్థం అది. తన రెండు పనులూ ఒక మందులో ఇలా కలుస్తాయని చూడటానికి ఆయన లేడు, 1948లోనే పోయాడు. ఇది రాస్తుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ఒక రోగంలో రక్ష, ఇంకో రోగంలో చేటు

దారి తెలిసినా మోసపోవచ్చు అనేది ఇంకో అభ్యంతరం. ఇది మొదటిదానికంటే పెద్దది. టీఎన్ఎఫ్ అనే అణువు ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే షాక్‌ను నడిపిస్తుందని 1980లలో గట్టి ఆధారాలు దొరికాయి. బబూన్ కోతులకు ముందుగా టీఎన్ఎఫ్‌ను ఆపే యాంటీబాడీ ఇచ్చి, తర్వాత రక్తంలోకి బ్యాక్టీరియా ఎక్కిస్తే అవి బతికాయి. దారి తెలిసింది, ఆపే మందూ దొరికింది. మనుషుల్లో మాత్రం ఒకదాని తర్వాత ఒకటి పరీక్షలు విఫలమయ్యాయి. 1996లో వచ్చిన ఒక ఫలితంలో సెప్టిక్ షాక్ రోగులకు టీఎన్ఎఫ్‌ను పట్టుకునే ప్రోటీన్ ఇచ్చారు. అది లేనివాళ్లలో 30 శాతం మంది చనిపోతే, పెద్ద మోతాదు అందుకున్నవాళ్లలో 53 శాతం మంది చనిపోయారు. అదే ప్రోటీన్, ఎటనర్‌సెప్ట్, 1998లో కీళ్లవాతానికి అనుమతి పొంది ఎన్నో లక్షలమందిని నిలబెట్టింది.

దీన్ని చూపించి "మెకానిజం (జబ్బు నడిచే దారి) పరిశోధన నమ్మదగ్గది కాదు" అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. కోతికి ముందు మందు, తర్వాత క్రిమి. ఆసుపత్రికి వచ్చే మనిషికి ముందు క్రిమి, ఎప్పుడో తర్వాత మందు. అప్పటికి క్రిమి ఇంకా ఒంట్లోనే ఉంది, టీఎన్ఎఫ్ దానితో పోరాడుతూనే ఉంది. అణువు పేరు తెలిసింది గానీ ఏ గంటలో అది ఏం చేస్తుందో తెలియలేదు. సగం తెలిసిన దారి ప్రమాదమే, ఒప్పుకుంటాను. మిగతా సగం కూడా వెతకడం తప్ప దానికి వేరే మందు లేదు.

మన దేశానికి సంబంధించి ఇందులోనే ఇంకో భాగం ఉంది. టీబీ క్రిమి ఊపిరితిత్తుల్లో చేరితే మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు దాని చుట్టూ గోడలా కట్టుకుని ఏళ్ల తరబడి బంధించి ఉంచుతాయి. ఆ గోడ నిలబడాలంటే టీఎన్ఎఫ్ కావాలి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇది 1989లో ఒకసారి, 1995లో ఇంకోసారి బయటపడింది. టీఎన్ఎఫ్‌ను ఆపే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది 1998లో. 2001లో చూస్తే, ఆ మందు తీసుకున్నాక టీబీ బయటపడిన 70 కేసులు లెక్కకొచ్చాయి. ఎలుకలు ముందే చెప్పాయి, వినడం ఆలస్యమైంది. ఇప్పుడు అలాంటి ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, నిద్రాణంగా ఉన్న టీబీకి పరీక్ష తప్పనిసరి. పెద్దమ్మకు ఒక దశలో ఇంజెక్షన్ ఇవ్వాలనుకున్నప్పుడు ఇవన్నీ రాశారు. "మోకాళ్లు నొస్తున్నయంటె ఊపిరితిత్తుల ఫొటో దియ్యమంటడేంది?" అని ఆమె విసుక్కుంది. పైన రాసిందంతా ఆమెకు మాటల్లో చెప్పాను. మారు మాట్లాడకుండా పోయి తీయించుకుంది. చదువుకోనివాళ్లకు మెకానిజాలు ఎక్కవు అనేవాళ్లతో నేను ఏకీభవించలేకపోవడానికి ఇదొక కారణం.

రెండో వేవ్‌లో

2020 జూన్‌లో బ్రిటన్‌లో కరోనా మందుల మీద జరిగిన రికవరీ పరీక్ష డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ గురించి చెప్పింది మనందరికీ గుర్తే. దాని పూర్తి ఫలితం మాత్రం మన వీధుల దాకా రాలేదు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో తగ్గలేదు, పైపెచ్చు 14 నుంచి 17.8కి పెరిగినట్టు కనిపించింది. ఈ చివరి తేడా కాకతాళీయం కావచ్చు, కానీ మేలు లేదన్నది స్పష్టం. మొదటి వారంలో వైరస్ పెరుగుతుంటుంది, దాన్ని అడ్డుకోవడానికి మన రక్షణ వ్యవస్థ కావాలి. తర్వాతి దశలో ఊపిరితిత్తులను దెబ్బతీసేది ఎక్కువగా ఆ రక్షణ వ్యవస్థే. ఒకే గోలీ మొదటి దశలో అడ్డం, రెండో దశలో ఆసరా.

ఈ ప్రశ్నను తేల్చింది పరీక్షే తప్ప మెకానిజం తెలిసినవాళ్లు కాదని ఎవరైనా అంటే అది నిజమే. 2020 మొదట్లో స్టెరాయిడ్లు మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. రెండు పక్షాల దగ్గరా నమ్మదగ్గ మెకానిజాలే ఉన్నాయి. కానీ మూడు రకాల రోగుల్లో మూడు ఫలితాలు ఎందుకొచ్చాయో అర్థమైనవాడే "ఇప్పుడు వద్దు" అని గట్టిగా చెప్పగలడు. 2021 ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో వాట్సాప్‌లో తిరిగిన ప్రిస్క్రిప్షన్లలో స్టెరాయిడ్ మొదటి రోజు నుంచే ఉండేది. మా వీధిలో ఒకాయన జ్వరం వచ్చిన మర్నాడే మొదలుపెట్టాడు. షుగరు ముందే ఉంది, అది నాలుగొందలు దాటింది. కరోనా తగ్గింది గానీ బ్లాక్ ఫంగస్ వచ్చింది. ప్రభుత్వం అప్పుడు ఆ జబ్బుకు నోడల్ కేంద్రంగా పెట్టిన కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ప్రాణం కాపాడారు, ఒక కన్ను పోయింది. 'ఇన్‌ఫ్లమేషన్ తగ్గించాలి' అన్న మాటను సమయం, సందర్భం లేకుండా వాడితే ఏమవుతుందో నేను అక్కడ చూశాను. అందుకే కమ్యూనిటీ హాల్లో ఆ మాట తేలిగ్గా దొర్లుతుంటే నాకు కోపమొచ్చింది.

పసుపు సంగతి త్వరగా చెప్పేస్తాను. కూరలో పసుపుతో ఎవరికీ పేచీ లేదు. పసుపులో ఉండే కర్క్యుమిన్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను 2017లో రసాయన శాస్త్రవేత్తలు సమీక్షించి, నూటికి పైగా మనుషుల మీది పరీక్షలు జరిగినా కచ్చితంగా నడిపిన ఒక్కదానిలోనూ విజయం కనబడలేదన్నారు. అది రక్తంలోకి సరిగా చేరదు. చేరడానికని క్యాప్సూళ్లలో మిరియాల పైపెరిన్ కలుపుతారు. ఆ పైపెరిన్ ఇతర మందులను ఒంట్లోంచి పంపే ఎంజైములనూ అడ్డుకుంటుంది. పసుపు సప్లిమెంట్లతో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి లివర్ గురించి ముందే జాగ్రత్త కావాలి. పెద్దమ్మ ఆ డబ్బా కొనలేదు.

హబ్సిగూడలో తేలింది, తేలనిది

మందులు తయారుచేయడం ఈ ఊరికి బాగా తెలుసు. 2007లో రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందుకు చవక ప్రత్యామ్నాయం తెచ్చింది ఇక్కడి డాక్టర్ రెడ్డీస్. ఆ మందు కీళ్లవాతానికీ వాడతారు. దాన్ని తక్కువ చేయను. కానీ జబ్బు ఏ దారిన వస్తుందో వెతికే పని కూడా ఇక్కడ జరిగింది, దాని గురించి నేను పాఠం చెప్పే డిగ్రీ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

ఉష్ణదేశాల్లో చిన్న వయసులోనే పాంక్రియాస్‌లో (క్లోమంలో) రాళ్లు పడి, షుగరు వచ్చే జబ్బు ఒకటుంది. కర్రపెండలం తినడం వల్ల, పోషకాహార లోపం వల్ల వస్తుందని చాలాకాలం అనుకున్నారు. పేదవాళ్లు ఏం తింటే దాని మీద నింద వేయడం సులువు. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇక్కడి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్లతో కలిసి రోగుల డీఎన్ఏ చూశారు. 2002లో ప్రచురించిన ఫలితం ప్రకారం చాలామందిలో స్పింక్1 అనే జన్యువులో మార్పు ఉంది. పాంక్రియాస్ తయారుచేసే ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైము పేగులోకి వెళ్లాక పనిచేయాలి. దారిలోనే మేల్కొంటే సొంత అవయవాన్నే అరిగించేస్తుంది. అలా మేల్కొన్నదాన్ని అక్కడే పట్టి ఆపేది స్పింక్1. ఇక్కడ ఇన్‌ఫ్లమేషన్‌కు మొదలు బయటి క్రిమి కాదు, తిండి ఒక్కటే కాదు, కాపలా లోపం. ఇలాంటి రోగికి "ఇన్‌ఫ్లమేషన్ తగ్గించుకో" అని చెప్పి పంపితే ఏం చెప్పినట్టు?

అయితే ఈ కథలో తేలనిది ఇంకా ఉంది. ఎక్కువగా కనిపించే ఎన్34ఎస్ అనే మార్పు ఉన్న స్పింక్1 ప్రోటీన్‌ను ప్రయోగశాలల్లో తయారుచేసి చూస్తే, అది మామూలు ప్రోటీన్ లాగే ట్రిప్సిన్‌ను ఆపింది. ఆ మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి జబ్బే రాదు. అంటే జబ్బుతో సంబంధం గట్టిగా ఉంది, జరిగే తీరు మాత్రం చేతికి దొరకలేదు. మొన్న ఒక విద్యార్థిని ప్రాజెక్టుకు అంశం చెప్పమంటే ఇదే చెప్పాను. అప్పటిదాకా వచ్చిన పేపర్లన్నీ చదివి ఎక్కడ ఆగిపోయారో రాయమన్నాను. "ఇది తేలితే మందు వస్తుందా సార్?" అంది. రాకపోవచ్చు అన్నాను. ఆ మార్పున్న పిల్లల్లో ఎవరిని ఏళ్ల తరబడి గమనించాలో, ఎవరిని ఊరికే భయపెట్టకుండా వదిలేయాలో తేలుతుందన్నాను. ఆ రెండో జాబితాకు ఇంత కష్టం అవసరమా అని ఆమెకు ఇంకా సందేహంగానే ఉంది. అవసరమనే నేనంటాను, వచ్చే వారం మళ్లీ మాట్లాడుకుందామనుకున్నాం.